గజాల్లో అమ్ముతున్నారంటే అప్పటికే లేటయిపోయినట్టే

విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టు కథ మనందరికీ తెలిసిందే, మళ్ళీ మొదట్నుంచి చెప్పను. 2015లో 15 వేల ఎకరాలన్నారు, గొడవలయ్యాక తగ్గించుకుంటూ వచ్చారు, 2019 ఫిబ్రవరిలో ఒక సీఎం, 2023 మేలో ఇంకో సీఎం శంకుస్థాపన చేశారు. ఈ మధ్యకాలమంతా విజయనగరం నుంచి రణస్థలం దాకా ఎవర్ని కదిపినా ఒకటే మాట, ఇప్పుడు ఇక్కడో ప్లాటు కొని పడేయ్, పదేళ్ళకి బంగారం అని.

నేనూ భూమి కొనమనేవాడినే. కాకపోతే మనోళ్ళు ముందుగా కొన్నామనుకుంటున్నది ముందుగా కాదు. మొన్న ఆదివారం మా బావగారు హైవే దాటాక ఉన్న తన ప్లాటు చూపిస్తానని తీసుకెళ్ళారు. ఆర్చి ఉంది గానీ రంగు వెలిసిపోయింది, లోపల గ్రావెల్ రోడ్డు సగం కొట్టుకుపోయింది. నంబరు రాయి కోసం సర్కారు తుమ్మలో అరగంట వెతికాం. కొని తొమ్మిదేళ్ళు.

లెక్క చూడండి. ఎకరా అంటే 4,840 గజాలు. ఉదాహరణకి ఎకరా 50 లక్షలనుకుంటే గజం వెయ్యి రూపాయల పైచిలుకు పడుతుంది. రోడ్లకీ పార్కుకీ సగం దాకా పోయినా గజం రెండు వేలు, మనకి అమ్మేది ఏ ఎనిమిది వేలకో. అంటే పదేళ్ళలో పెరగాల్సిన రేటు మన దగ్గర ముందే వసూలు చేసేశారు, ముందుగా కొన్నోడు ఎకరాల్లో కొన్నాయన, మనం ఆయనకి లాభం ఇచ్చినోళ్ళం. అదే డబ్బుతో సొంతూరి దగ్గర ముప్పై సెంట్ల గరువు (మెట్ట భూమి) కొనుంటే పండినా పండకపోయినా ఏదో ఒక పంట ఉండేది, గట్టు జరిపితే పక్క రైతే ఫోన్ చేసి చెప్పేవాడు.

అబ్బే, భూమే వద్దు, నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టుకో, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు అనేవాళ్ళున్నారు. నిజమే, అవసరానికి భూమి రేపే అమ్ముడుపోదు. కానీ ఆ తీసుకోలేకపోవడం వల్లే మనలాంటోళ్ళ చేతిలో ఏదైనా మిగుల్తుంది.

అసలు సంగతి కాగితాలు. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ధీమాగా ఉంటారు, రిజిస్టరయ్యేది దస్తావేజే గానీ హక్కు కాదు. మనవి పాత జమీందారీ ఎస్టేట్ల ఊళ్ళు, జిరాయితీ (సొంత పట్టా భూమి) పక్కనే ఇనాం (ఒకప్పుడు దానంగా ఇచ్చిన భూమి), దాని పక్కనే డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), చూడ్డానికి అన్నీ ఒకే పొలం. డి-పట్టా అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది, సడలింపులు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈసీ (పాత లావాదేవీల చిట్టా), 1-బీ (యజమాని ఎవరో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) చూడాలి, సర్వే నంబరు 22-ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందో లేదో చూడాలి, సర్వేయర్ని పెట్టి కొలిపించాలి. బ్రోకర్ మజ్జిగ తాగించి తొందరపెడుతున్నాడంటే ఇంకో నెల ఆగండి.

ఇంతకీ నా బాధ వేరే. మన జిల్లాల్లో కొనేవాళ్ళంతా వలసపోయినోళ్ళే, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కష్టపడి ఇక్కడ గజాలు కొంటారు. ఇక్కడే ఉన్నోళ్ళేమో ఎకరాలు అమ్మి వాళ్ళ పిల్లల్ని అదే రైలెక్కిస్తారు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాక అమ్ముకోవడం తప్ప దారి కనపడని ఇళ్ళెన్నో. మళ్ళీ చెట్టు కాపుకొచ్చే దాకా ఆ ఇల్లు ఎలా గడవాలో ఎవరూ ఆలోచించరు గానీ అదే జిల్లాలో మూలపేట పోర్టు అనగానే అక్కడికీ కార్లు బయల్దేరాయి.

ఆరోజు తిరిగొస్తుంటే పక్క గరువులో గొర్రెలు కాస్తున్న పెద్దాయన కనిపించాడు. ఈ లేఅవుట్‌లో కొంత వాళ్ళదేనట, చోడి (రాగి) వేసేవారట. ఎంతకిచ్చావు తాతా అంటే ఎకరా రేటు చెప్పాడు. మా బావగారు ఫోన్ తీసి 4,840తో భాగించుకున్నారు. విజయనగరం వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.