వంతెన వద్దు, పంటు ముద్దు

ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా గోదావరి మీద ఇంకో వంతెన కావాలంటూ కొంతమంది బయల్దేరతారు. వాళ్ల మాట వినకండి. కాకినాడలో బస్సెక్కి, రెండు రేవులు దాటి, నరసాపురంలో దిగేసరికి మనిషికి ఓపిక, చిల్లర లెక్క, జలశాస్త్రం, తిథుల పరిజ్ఞానం, సమకాలీన రాజకీయ చరిత్ర అన్నీ ఒంటబడతాయి. ఇన్ని చదువులు ఇంత తక్కువ ఫీజుకు చెప్పే విశ్వవిద్యాలయం రాష్ట్రంలో ఇంకోటి లేదు.

దారి ఇదీ. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా బస్సు. అక్కడ గోదావరి గౌతమి పాయ. పంటు, అంటే మనుషులనూ బండ్లనూ కలిపి నది దాటించే పడవ, ఎక్కితే అవతల ఒడ్డు ముక్తేశ్వరం. మళ్లీ బస్సు: అమలాపురం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. అక్కడ వశిష్ఠ పాయ, అవతల నరసాపురం. మధ్యలో వైనతేయ కూడా తగులుతుంది గానీ, బోడసకుర్రు దగ్గర దాని మీద వంతెన వేసి పాడుచేశారు. ఆ ముక్కలో నేర్చుకునేదేమీ లేదు, కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకోవడమే. ఇంత సాహసం చేతగానివాళ్ల కోసం యానాం–ఎదుర్లంక వంతెనా, దిండి–చించినాడ వంతెనా ఉన్నాయి. వాళ్ల గురించి ఇక్కడ మాట్లాడం.

ముందు బస్సు సంగతి. పల్లెవెలుగులో ఒకవైపు ముగ్గురి సీటు, ఇంకోవైపు ఇద్దరి సీటు. ముగ్గురి సీటులో మూడోవాడికి దక్కేది సగం సీటే, మిగతా సగం ఆయన కాలి బలం. బస్సు కాంప్లెక్సులోకి వచ్చీరాకముందే కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు. ఈ హక్కు ఏ చట్టంలోనూ లేదు, అయినా దీని మీద ఎవరూ కోర్టుకెళ్లలేదు. వెనక చక్రం మీద సీటు మాత్రం పట్టకండి, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పొద్దున బయల్దేరితే డ్రైవరు వైపు కూర్చోండి. కాకినాడ నుంచి కోటిపల్లి నైరుతి దిక్కుకు కాబట్టి ఎండంతా ఎడమ కిటికీల్లోంచే వస్తుంది.

చిల్లర లేదని కండక్టరు టికెట్టు వెనక రాసిస్తాడు. ఆ అంకె విలువ బస్సులో ఉన్నంతసేపే. రేవు కనపడగానే నలభై మందీ ఒక్కసారిగా లేచి, పంటు వెళ్లిపోతుందేమోనని కిందికి పరుగెత్తుతారు. నది దాటాక జేబులో చెయ్యి పెడితే టికెట్టు వెనక ‘18’ అని కనపడుతుంది. అవతలి ఒడ్డున ఆ అంకెను గుర్తించే ప్రభుత్వం లేదు. అందుకని ఆఖరి స్టాపుకు రెండు స్టాపుల ముందే లేచి కండక్టరు పక్కన నిలబడాలి.

మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో టికెట్టు డబ్బుల్లేవు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు. ఆ సున్నా గట్టు దాకానే. గట్టు దిగాక రేవును వేలంలో పాడుకున్న పాటదారు రాజ్యం మొదలవుతుంది. ఆయన దగ్గర ఆడా మగా తేడా లేదు, అందరూ డబ్బులిచ్చేవాళ్లే. స్త్రీ పురుష సమానత్వం నీటి మీద ఇంత స్పష్టంగా అమలవుతున్నా ఎవరూ మెచ్చుకోరు.

ఇక అసలు ఘనత. బస్సుకూ పంటుకూ మధ్య సమన్వయం లేకపోవడం ఏదో పొరపాటని అమాయకులు అనుకుంటారు. కాదు, అది ఎంతో జాగ్రత్తగా కాపాడుకొస్తున్న విధానం. బస్సు టైము డిపోలో రాస్తారు. దానికి డ్రైవరు డ్యూటీ గంటలు, కిలోమీటర్లు ఆధారం. పంటుకు టైమే లేదు, నిండితే కదులుతుంది. అవతలి నుంచి పంటు వచ్చి ఒడ్డుకు తగిలే సమయానికి, రేవులో తన నిమిషాలు అయిపోయిన బస్సు వెనక్కి తిప్పుకుని గట్టెక్కి వెళ్లిపోతూ ఉంటుంది. పంటు మీదివాళ్లు చేతులూపుతారు. డ్రైవరు అద్దంలో చూస్తాడు కూడా. కానీ పది నిమిషాలు ఆగితే ఆ పది నిమిషాలు ఏ రిజిస్టరులో రాయాలి? సఖినేటిపల్లి కోనసీమ జిల్లా, నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లా. రెండు ఒడ్డుల టైములూ ఒక కాగితం మీద పెట్టాలంటే ఆ కాగితం మీద ఏ జిల్లా ముద్ర వేయాలన్నది ముందు తేలాలి. ఈలోగా బస్సు తప్పినవాళ్లు టీ తాగుతారు, ముంజల కాలమైతే ముంజలు తింటారు, చివరికి షేర్ ఆటో ఎక్కుతారు. మూడు కుటుంబాలు బతుకుతున్నాయి. పది నిమిషాలు బస్సు ఆపి ఇంతమంది పొట్ట కొట్టమంటారా?

పంటు ఎప్పుడొస్తుందని అడగడం కొత్తవాళ్ల లక్షణం.

“బాబాయ్, పంటు ఎంతసేపండీ?”

“ఆయ్, ఇదిగో వచ్చేత్తందండి. మీరు కూకోండి.”

ఇందులో అబద్ధం లేదు. భూమ్మీద ప్రతి పంటూ ఎప్పటికో అప్పటికి వస్తుంది. మర్యాదను పక్కనబెట్టి కళ్లతో చూసుకోవడం మంచిది. అవతల ఒడ్డున పంటుకు ముందు, బండ్లు ఎక్కి దిగే పలక ఇంకా నేలమీద వాలి ఉంటే కనీసం ఇంకో కారు కోసం చూస్తున్నారని లెక్క. పలక లేచి, ఇంజను పొగ కనపడితేనే బయల్దేరినట్టు. పంటు నడిపే సరంగు మీ పక్క బల్ల మీదే కూర్చుని బీడీ కాలుస్తుంటే ఇక చూడాల్సిందేమీ లేదు, మీరూ ఒక టీ చెప్పుకోండి.

పంటు నిర్మాణం తెలిసినవాళ్లకు దాని మీద గౌరవం పెరుగుతుంది. రెండు పడవలు పక్కపక్కన పెట్టి, అడ్డంగా దూలాలు వేసి, పైన బల్లలు పరిచి, డీజిల్ ఇంజను బిగిస్తారు. ఎక్కించడానికి ఒక క్రమం ఉంది. కార్లు, ఆటోలు ముందు, అవి నడిమధ్యలో. తర్వాత చుట్టూ మోటారుసైకిళ్లు. మిగిలిన సందుల్లో మనుషులు, గంపలు, మేకలు. బరువు ఒక పక్కకు పోతే ఆ పక్క పడవ లోతుగా మునిగి పంటు వంకరగా నడుస్తుంది. అప్పుడు సరంగు ఎవరినో ఒకరిని చూసి “ఇటు జరగండి సార్” అంటాడు. బరువైన వ్యక్తిగా ఎంపికైనందుకు నొచ్చుకోకూడదు. బండికి సైడు స్టాండు వేస్తే ఒడ్డు తగిలిన కుదుపుకు పక్క బండి మీద పడుతుంది, అది దాని పక్కదాని మీద పడుతుంది. మెయిన్ స్టాండు వేసి, మొదటి గేరులో పెట్టి, పక్కనే నిలబడాలి. కారు వెనక్కి ఎక్కించమంటే మారుమాట్లాడకుండా వెనక్కే ఎక్కించండి. అవతల ముందుకు దిగొచ్చు. రివర్సు సరిగా రానివాళ్ల డ్రైవింగు ఎలాంటిదో ఇక్కడ వందమంది సాక్షుల ముందు తేలిపోతుంది.

నరసాపురం వైపు సముద్రం దగ్గర కాబట్టి నదికి పోటూ పాటూ ఉంటాయి. రోజుకు రెండుసార్లు నీళ్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. మర్నాటికి ఆ వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు బాగా దిగినప్పుడు పంటు కిందికి, రేవు పైకి ఉండి మధ్యలో పలక నిటారుగా నిలుస్తుంది. పొట్ట కిందికున్న కార్లు ఆ పలక అంచున గీరుకుని అక్కడే కూలబడతాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు ఎంత ఎక్కువ ఎక్కుతాయో అంత ఎక్కువ దిగుతాయి. అష్టమి, నవమి తిథుల చుట్టుపక్కల ఆ తేడా తక్కువ. అష్టమి నవమి ప్రయాణానికి పనికిరావని చెప్పిన పెద్దలకు కారు లేదని దీన్నిబట్టి తెలుస్తోంది. అంతర్వేది నరసింహస్వామి కల్యాణం భీష్మ ఏకాదశి నాడు. ఆ నాలుగు రోజులూ తిథి ఏదైనా ఒకటే, రేవులో జనం తప్ప నీళ్లు కనపడవు.

దారిలో జరిగేవి మామూలుగా మూడు. ఒకటి, కాలువల్లోంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క పంకాకు చుట్టుకుని ఇంజను మూలుగుతుంది. ఒక కుర్రాడు కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగుతాడు, పంటు వాలుకు కొట్టుకుపోతుంటుంది, ప్రయాణికులు ఫోనుల్లో వీడియో తీస్తారు. రెండు, ఇసుక మేట. ఏ ఏడాది వరద ఆ ఏడాదికి నది అడుగును తిరగరాస్తుంది. అందుకే సరంగు తిన్నగా పోకుండా చుట్టు తిప్పుతాడు. “ఎదురుగా కనపడుతుంటే ఇలా తిప్పుతాడేంటి” అని విసుక్కునేవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లని గుర్తు. మూడు, మంచు. పుష్యమాసంలో పొద్దున్నే ఒడ్డు కనపడదు, సూర్యుడు పైకొచ్చేదాకా ఆగాల్సిందే. దీనికి మాత్రం ఎవరినీ తిట్టలేం, అదొక్కటే ఇబ్బంది.

వరదల్లో ప్రయాణికుడి చదువు డిగ్రీ స్థాయికి చేరుతుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక. ఆ నీళ్లు ధవళేశ్వరం రావడానికి సుమారు ఒక రోజు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే దిగువన పంట్లు కట్టేసినట్టే. కాబట్టి జులై, ఆగస్టుల్లో పెళ్లిచూపులు పెట్టుకునేవాళ్లు ముందు భద్రాచలం నీటిమట్టం చూసి, తర్వాత జాతకాలు చూడాలి. పి.గన్నవరం వైపు బూరుగులంక రేవులో పాయకు అడ్డంగా తాత్కాలిక గట్టు వేస్తారు. తొలి వరదకు అది కొట్టుకుపోతుంది. నీళ్లు తీశాక మళ్లీ వేస్తారు. గుంతలున్నాయన్న ఫిర్యాదు రాని రోడ్డు ఇదొక్కటే, ఏటా కొత్తదే కదా.

పొరుగు జిల్లాల వాళ్లు వంతెన అంటే స్తంభాలు, స్తంభాల మీద దారి అనుకుంటారు. ఇక్కడ రెంటినీ విడదీసి చూపించాం. కాకినాడ–కోటిపల్లి రైలు 1928లో వచ్చింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. యుద్ధం 1945లో అయిపోయింది, పట్టాలు 2004లో తిరిగొచ్చాయి. దాన్ని మూడు పాయలూ దాటించి నరసాపురం దాకా పొడిగించడానికి 2000–01 రైల్వే బడ్జెట్‌లో అనుమతి ఇచ్చారు. దూరం 57 కిలోమీటర్లు. గౌతమిలో స్తంభాలు లేచి ఏళ్లయింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేశాడు. అంత తొందరపాటు మనిషి మన శాఖల్లో ఒక్కడు లేకపోవడం మన అదృష్టం. నరసాపురం–సఖినేటిపల్లి రోడ్డు వంతెనది ఇంకో పద్ధతి. దానికి శంకుస్థాపన ఒక్కసారితో సరిపెట్టలేదు. శిలాఫలకానికి నాలుగు బస్తాల సిమెంటు చాలు, పోటూ పాటూ దాన్నేం చేయవు, పంటు కోసం ఎదురుచూసేవాళ్లు చదువుకోవడానికి పనికొస్తుంది.

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇంటికెళ్తున్న పిల్లలున్న పడవ కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. పిల్లలు కొందరు గల్లంతయ్యారు. దీని మీద వేళాకోళం లేదు. ప్రమాదం జరిగిన వారం పది రోజులు ప్రతి రేవులోనూ తనిఖీలు, ప్రతి ఒంటి మీదా లైఫ్ జాకెట్టు. తర్వాత ఆ జాకెట్లు మళ్లీ కట్టగట్టి సరంగు గది పైకి చేరతాయి. ఆ కట్ట ముడి విప్పడానికి పట్టే సమయం, మునగడానికి పట్టే సమయం కంటే ఎక్కువ. ఎక్కగానే అడిగి ఒకటి తీసుకోండి. నవ్వితే నవ్వనీయండి.

ఇవన్నీ ఆలోచించి ఈ రేవులను వారసత్వ సంపదగా ప్రకటించాలని ప్రభుత్వానికి విన్నపం. ప్రకటించాక బస్సు ఇప్పటికంటే రెండు నిమిషాలు ముందే వెళ్లిపోవాలి. ఇప్పుడు అప్పుడప్పుడూ మంచి మనసున్న డ్రైవర్లు ఆగి, పంటు దిగినవాళ్లను ఎక్కించుకుంటున్నారు. ఇలాంటి ఉల్లంఘనల వల్ల సంప్రదాయం దెబ్బతింటోంది. స్తంభాలకు మూడేళ్లకోసారి సున్నం వేయాలి. కొత్త శంకుస్థాపనలకు రేవులో స్థలం ముందే కేటాయించాలి, లేకపోతే ఆటోస్టాండు వాళ్లతో గొడవ.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. చీకటి పడ్డాక పంటు ఉంటుందో లేదో రేవులో వాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. రాత్రి పూట స్పెషల్‌గా పంటు కట్టించుకోవాలంటే మొత్తం బరువుకు డబ్బులు మీరొక్కరే ఇవ్వాలి, అది పెళ్లివారికి తప్ప గిట్టుబాటు కాదు. పొద్దు వాలేలోగా సఖినేటిపల్లి చేరలేరనిపిస్తే రాజోలులోనే దిగిపోయి, చించినాడ వంతెన మీదుగా వెళ్లే పాలకొల్లు బస్సు పట్టుకోండి. అక్కణ్ణుంచి నరసాపురం దగ్గరే. ఎలా వచ్చారని అడిగితే మాత్రం పంటు మీదే వచ్చామని చెప్పండి.