విజువల్ లెర్నర్ అంట, మట్టిబుర్ర అంట... రెండూ ఒక బాపతే

ఎవర్ని కదిపినా ఇదే మాట. "మా వాడు విజువల్ లెర్నర్ అండీ, చెప్తే ఎక్కదు, చూపిస్తేనే ఎక్కుద్ది." ఆన్‌లైన్‌లో ఓ క్విజ్ చేయించి, చివర్లో వచ్చిన రంగుల రిజల్ట్ స్టేటస్‌లో పెట్టేసి, పిల్లాడి మెదడు గురించి ఇక తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదన్నట్టు. చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. మెదళ్ళన్నీ ఒకటే అని నేను అనట్లేదు బాబూ, తేడాలున్నాయి, గట్టిగానే ఉన్నాయి. ఉన్న తేడాల్ని గాలికొదిలేసి లేనివాటిని పట్టుకుని వేలాడుతున్నాం, నా గోలంతా దాని గురించే.

2008లో హెరాల్డ్ పాష్లర్, రాబర్ట్ బ్యోర్క్, ఇంకో ఇద్దరు సైకాలజిస్టులు కలిసి ఈ లెర్నింగ్ స్టైల్స్, అంటే ఒక్కొక్కరూ ఒక్కో తీరులోనే నేర్చుకుంటారనే మాట మీద అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ తిరగేశారు. వాళ్ళు వెతికింది సింపుల్ విషయమే, విజువల్ అన్నవాళ్ళకి బొమ్మలతో చెప్తే బాగా రావాలి, విని నేర్చుకుంటాం అన్నవాళ్ళకి మాటలతో చెప్తే బాగా రావాలి, తారుమారు చేస్తే ఇద్దరికీ మార్కులు తగ్గాలి. అలా పద్ధతిగా టెస్ట్ చేసినవే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, వాటిల్లో కూడా కొన్ని ఈ థియరీకి అడ్డం తిరిగాయి. బొమ్మలు చూడ్డం ఇష్టం అంటే సరే, ఎవరిష్టం వాళ్ళది. కానీ మ్యాప్ ఎవరికైనా చూపించే చెప్పాలి, ఉచ్చారణ ఎవరికైనా వినిపించే చెప్పాలి, అది పాఠాన్ని బట్టి ఉంటుంది గానీ పిల్లాడి జాతకాన్ని బట్టి కాదు. కొందరు ఎడమ మెదడు మనుషులు, కొందరు కుడి మెదడు మనుషులు అనే లెఫ్ట్ బ్రెయిన్ రైట్ బ్రెయిన్ కథ కూడా అంతే. 2013లో యూటా యూనివర్సిటీ వాళ్ళు వెయ్యికి పైగా మెదళ్ళ స్కాన్లు చూశారు, భాష లాంటివి ఎడమవైపు ఎక్కువ నడుస్తాయి, అది నిజమే, కానీ ఫలానా మనిషి మొత్తానికి లెఫ్ట్, ఫలానా మనిషి మొత్తానికి రైట్ అనేది మాత్రం ఎక్కడా కనపళ్ళేదు.

మరి అసలు తేడా ఎక్కడుంది? నన్నడిగితే ముందు చెప్పాల్సింది వర్కింగ్ మెమరీ. ఒక పని చేస్తూ చేస్తూ ఆ క్షణానికి బుర్రలో పట్టి ఉంచుకోగలిగే సరుకు. 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు ఏడు విషయాలు, ఓ రెండు అటూ ఇటూ అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ అనే ఇంకో సైకాలజిస్టు వచ్చి అంత సీన్ లేదు, నాలుగే అన్నాడు. అదీ సగటు లెక్క, మనిషికీ మనిషికీ మారుతుంది, చిన్నపిల్లల్లో ఇంకా తక్కువ. ఇప్పుడు క్లాసులో టీచర్ ఏమంటారు, "నోట్సు తీసి, నిన్నటి లెక్క కింద గీత కొట్టి, డేట్ వేసి, నలభై రెండో పేజీలో మూడోది, ఐదోది చెయ్యండి, నాలుగోది వద్దు." నోట్సు తీసేసరికి ఒక పిల్లాడి బుర్రలో మిగిలింది గీత ఒక్కటే. గీత కొడతాడు, తర్వాతేంటో తెలీక పక్కవాడి పుస్తకంలోకి చూస్తాడు, కాపీ కొడుతున్నావా అని తిట్లు. బోర్డు మీదది రాసుకునేటప్పుడు గమనించండి, కొందరు వాక్యం మొత్తం ఒక్క చూపులో పట్టేసి రాసేస్తారు, వీడు ఒక్కో పదానికీ, ఒక్కోసారి ఒక్కో అక్షరానికీ తలెత్తుతూనే ఉంటాడు, మధ్యలో ఏ లైన్లో ఉన్నాడో తప్పిపోతాడు, ఈలోపు బోర్డు తుడిచేస్తారు. అర్థం కాక కాదండీ. అదే పని ఒక్కో స్టెప్పూ కాగితం మీద రాసిపెడితే చేసేస్తాడు. రిపోర్టులో మాత్రం "శ్రద్ధ లేదు".

ప్రాక్టీస్ చేయిస్తే పెరగదా అంటారు. దీనికి నాకు భలే ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక మామూలు కాలేజీ కుర్రాడు, రీసెర్చ్ పేపర్లో ఎస్.ఎఫ్. అని మాత్రమే రాశారు, 1980లో వచ్చింది అది. సెకనుకో అంకె చదువుతారు, ఇతను తిరిగి అప్పజెప్పాలి. మొదట్లో అందర్లాగే ఏడు. ఏడాదిన్నర దాటి, 230 గంటల ప్రాక్టీస్ తర్వాత 79 అంకెలు! ఎలాగంటే, కుర్రాడు రన్నర్, 3492 అని వినగానే "మైలు పరుగు, 3 నిమిషాల 49.2 సెకన్లు" అనేసుకుంటాడు, నాలుగు అంకెలు పోయి ఒక్క విషయం అయిపోయింది. ఇదంతా అయ్యాక అంకెలు తీసేసి అక్షరాలు ఇచ్చారు. ఆరు దగ్గర ఆగిపోయాడు! అంటే బుర్రలో చోటు ఇసుమంత కూడా పెరగలేదు, ముందే తెలిసినదానికి తగిలించుకోవడం నేర్చాడు, అంతే. చెస్ మాస్టర్లదీ ఇదే కథ, నిజం గేమ్‌లోని పొజిషన్ ఐదు సెకన్లు చూపిస్తే పావులు దాదాపు మొత్తం బోర్డు మీద తిరిగి పెట్టేస్తారు, పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లేస్తే మనలాగే తడబడతారు. కాబట్టి పక్కవాడు "ఒక్కసారి వింటే వచ్చేస్తుంది" అన్నప్పుడు అది మెరుగైన మెదడా, లేక ముందే సగం తెలిసి ఉండటమా అన్నది బయటికి ఒకేలా కనిపిస్తుంది. మనం మాత్రం కళ్ళు మూసుకుని తెలివి అనేస్తాం.

డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, దాని సంగతి ఇంకా చిత్రం. మనుషులు రాత కనిపెట్టి సుమారు 5,000 ఏళ్ళు, చదవడం కోసం మెదడులో పుట్టుకతో ప్రత్యేకంగా భాగమేదీ రాదు, మాటకీ చూపుకీ ఉన్నవాటినే కలిపి కుట్టుకోవాలి, ఆ కుట్టు కొందరికి కష్టం. 2001లో ఇటలీకి చెందిన ఎరాల్డో పౌలేసు బృందం ఇంగ్లిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ మాట్లాడే డిస్లెక్సియా ఉన్నవాళ్ళని చదివిస్తూ స్కాన్ చేసింది. మూడు భాషలవాళ్ళకీ మెదడులో ఎడమవైపు అదే ప్రాంతం తక్కువగా పనిచేస్తోంది. కానీ చదవడం దగ్గరికొస్తే ఇటాలియన్లు మిగతావాళ్ళకంటే నయం. ఎందుకంటే ఆ భాషలో దాదాపు రాసినట్టే పలుకుతారు. ఇంగ్లిష్‌లో ఓ, యు, జి, హెచ్ అనే అవే నాలుగక్షరాలు "దో" (though)లో ఒకలా, "టఫ్" (tough)లో ఒకలా, "త్రూ" (through)లో ఇంకోలా. మెదడులో తేడా ఒకటే, ఇబ్బంది మాత్రం ఎదురుగా ఏం పెట్టారన్నదాన్ని బట్టి మారింది. ఇది తెలిశాక కూడా లోపం అంతా పిల్లాడిలోనే ఉందనేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

పుట్టుకతో వచ్చింది అంతేగా అని చేతులెత్తేసేవాళ్ళకి లండన్ టాక్సీ డ్రైవర్లే సమాధానం. లైసెన్స్ కావాలంటే సుమారు 25,000 వీధులు బుర్రలో ఉండాలి. ఎలెనార్ మగ్వైర్, క్యాథరిన్ వూలెట్ అనే ఇద్దరు రీసెర్చర్లు 79 మంది ట్రైనీలని మొదట్లోనే స్కాన్ చేశారు, 39 మంది పాసయ్యారు, వాళ్ళ హిప్పోక్యాంపస్ (దారులూ జ్ఞాపకాలూ చూసుకునే మెదడు భాగం) వెనకభాగమే పెరిగింది, ట్రైనింగ్‌కి ముందు మిగతావాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. పాసైనవాళ్ళు ఎక్కువ గంటలు తిరిగారు కూడా. అందుకని ఎవడైనా కష్టపడితే ఏదైనా సాధిస్తాడు లాంటి మోటివేషన్ స్పీచులకి దీన్ని వాడకండి దయచేసి, ఎవరు అన్ని గంటలు తట్టుకోగలరు అన్నది కూడా మనిషిని బట్టే ఉంటుంది.

నా కోపం లేబుల్ మీద. "మట్టిబుర్ర" అంటే తిట్టు, "విజువల్ లెర్నర్" అంటే ముద్దు, కానీ రెండూ చేసే పని ఒక్కటే, పిల్లాడి పక్కన కూర్చుని చూసే శ్రమ తప్పిస్తాయి. పైగా స్పీడ్ ఒకటి. మెల్లగా చేసేవాడు అంటే రానివాడు అని ఎవడు తేల్చాడో! అరగంట ఎక్కువిస్తే అన్నీ కరెక్ట్‌గా చేసేవాడిని, టైమ్ అయిపోయిందని పేపర్ లాక్కుని, ఫెయిల్ అని రాసి, దానికి మళ్ళీ తెలివి కొలిచాం అని పేరు.

ఇక అందరి మెదళ్ళకీ పనికొచ్చేవి కూడా ఉన్నాయి, వాటికి పాపం క్విజ్‌లు లేవు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక పాఠం ఇచ్చి కొందరిని మళ్ళీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందు, వారం తర్వాత పెడితే రాసినవాళ్ళు ముందు. కాబట్టి ఇంట్లో చేయాల్సింది పుస్తకం మూయించి "ఇప్పుడు నువ్వు చెప్పు" అనడం, మధ్యలో అందుకోకుండా వినడం. మాట గుర్తురాక ఆగాడా, మూడో స్టెప్పుకొచ్చేసరికి మొదటిది జారిపోయిందా, లేకపోతే ఎప్పుడో చిన్న క్లాసులో రావాల్సిన భిన్నాలే రాలేదా. మొదటిదైతే రేపూ ఎల్లుండీ మళ్ళీ చెప్పించండి, రెండోదైతే స్టెప్పులు కాగితం మీద పెట్టనివ్వండి, మూడోదైతే తొమ్మిదో క్లాసయినా సరే నామోషీ పడకుండా వెనక్కెళ్ళి భిన్నాలు నేర్పించాల్సిందే.