మీ పిల్లాడు ‘చూసి నేర్చుకునే రకం’ కాదు

పిల్లలున్నవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. దాని సారం ఇది: “పిల్లలు మూడు రకాలు. కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు. మీ పిల్లల రకం కనిపెట్టి ఆ పద్ధతిలోనే చెబితే చదువు దానంతటదే వస్తుంది. తెలివితేటలు ఎనిమిది రకాలని మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ నిరూపించాడు. ఎడమ మెదడు వాళ్లకి లెక్కలు, కుడి మెదడు వాళ్లకి కళలు అబ్బుతాయి. ఐక్యూ పుట్టుకతో వచ్చేది, మారదు. ఇదంతా వేలిముద్రలు చూసి చెప్పేయొచ్చు.”

మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు, సందేహం లేదు. కానీ దీన్ని నమ్మి ఇంట్లో, క్లాసులో నిర్ణయాలు తీసుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

“పిల్లల రకాన్ని బట్టి చెబితే బాగా వస్తుంది.”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. ఇది నిజమని తేలాలంటే ఏం జరగాలో ఆలోచించండి. పిల్లల్ని రకాలుగా విడగొట్టాలి. ప్రతి రకంలోనూ సగం మందికి బొమ్మలతో, మిగతా సగానికి మాటలతో ఒకే పాఠం చెప్పాలి. చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ‘చూసే రకం’ వాళ్లకి బొమ్మలతో ఎక్కువ మార్కులు, ‘వినే రకం’ వాళ్లకి మాటలతో ఎక్కువ మార్కులు రావాలి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ కొలబద్దతో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. ఇలా సరైన పద్ధతిలో చేసినవే చాలా తక్కువ. వాటిలోనూ చాలావరకు ఈ మాటకి వ్యతిరేకంగానే తేలాయి. 2015లో పెద్దవాళ్ల మీద ఇంకో ప్రయోగం జరిగింది. చదవడం ఇష్టమా, వినడం ఇష్టమా అని ముందు తేల్చి, తర్వాత కొందరిచేత పుస్తకం చదివించారు, కొందరికి అదే పుస్తకాన్ని వినిపించారు. ఎవరికి ఏది ఇష్టమన్నదానికీ, ఎవరికి ఎంత అర్థమైందన్నదానికీ పొంతనే లేదు.

అసలు ఈ రకాలెన్నో కూడా ఎవరూ తేల్చలేకపోయారు. 2004లో బ్రిటన్‌లో ఒక పరిశోధక బృందం లెక్కపెడితే, రకాలు చెప్పే సిద్ధాంతాలే 71 దొరికాయి.

“మా అమ్మాయికి బొమ్మ గీసి చూపిస్తేనే అర్థమవుతుంది” అంటారు చాలామంది. నిజమే, అవుతుంది. కానీ కారణం వేరు. ఒక పాప 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసిందనుకోండి. పైవి రెండూ కలిపింది, కిందవి రెండూ కలిపింది. తనకి అది సబబుగానే తోచింది. ఇప్పుడు ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు తీసుకుని, ఒకదాన్ని రెండు భాగాలుగా, ఇంకోదాన్ని మూడు భాగాలుగా మడిచి, ఒక్కో ముక్క పక్కపక్కన పెట్టమనండి. మొత్తం సగం కంటే ఎక్కువే ఉందని వెంటనే కనిపిస్తుంది. 2/5 సగం కంటే తక్కువ. అంటే జవాబు ఎక్కడో తప్పిందని పాపకే తెలుస్తుంది. తర్వాత రెండు పట్టీల్నీ ఆరు సమాన భాగాలుగా మడిస్తే 3/6, 2/6 కలిసి 5/6 అవుతుంది. ఇక్కడ పట్టీ పనికొచ్చింది భిన్నం అనేది కళ్లతో చూడాల్సిన విషయం కాబట్టి. ‘చూసే రకం’, ‘వినే రకం’ అని తేడా లేదు, క్లాసులో అందరికీ పనికొస్తుంది. అలాగే ఉచ్చారణ అందరూ వినే నేర్చుకోవాలి, ఈత అందరూ నీళ్లలో దిగే నేర్చుకోవాలి. ఎలా చెప్పాలో తేల్చేది పాఠం. పిల్లలకి తగిలించిన పేరు కాదు.

పిల్లల మధ్య తేడాలు లేవని కాదు. చాలా ఉన్నాయి, కానీ అసలు తేడా వాళ్లకి ముందే ఏం తెలుసు అన్న దగ్గర ఉంది. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త మిషెలీన్ చీ చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. చదరంగం బాగా ఆడే పదేళ్ల వయసు పిల్లలకీ, అంతగా ఆడని పెద్దవాళ్లకీ బల్ల మీద పావుల అమరిక కాసేపు చూపించి గుర్తు తెచ్చుకోమన్నారు. పిల్లలే గెలిచారు. అంకెల వరస గుర్తుపెట్టుకోమంటే మాత్రం పెద్దవాళ్లు గెలిచారు. ఆ పిల్లల జ్ఞాపకశక్తి ప్రత్యేకమైన రకమేం కాదు. చదరంగం గురించి వాళ్లకి ఎక్కువ తెలుసు, అంతే. కొత్త పాఠం మొదలుపెట్టేముందు “దీని గురించి నీకేం తెలుసు?” అని అడగడం రకం తేల్చే వంద పరీక్షల కంటే ఎక్కువ చెబుతుంది.

“ఎనిమిది తెలివితేటలని గార్డ్‌నర్ నిరూపించాడు.”

ప్రతిపాదించాడు. నిరూపించలేదు. 1983లో ఏడు చెప్పాడు, తర్వాత ప్రకృతికి సంబంధించినది ఎనిమిదోదిగా చేర్చాడు. బడి అంటే లెక్కలూ భాషా మాత్రమే కాదని గట్టిగా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇవి ఎనిమిదీ దేనికది విడివిడిగా ఉన్నాయన్న మాట కొలతలకి నిలవలేదు. 1904లోనే చార్లెస్ స్పియర్‌మన్ ఒకటి గమనించాడు: ఒక సబ్జెక్టులో బాగా చేసే పిల్లలు మిగతా వాటిలోనూ సగటు కంటే బాగానే చేస్తారు. 1993లో జాన్ కారల్ సామర్థ్య పరీక్షలకి సంబంధించిన 460కి పైగా డేటా సమూహాల్ని మళ్లీ విశ్లేషిస్తే ఇదే కనిపించింది. ప్రత్యేక సామర్థ్యాలు ఉన్నాయి, వాటి వెనక ఉమ్మడి సామర్థ్యం కూడా ఉంది. పైగా తన సిద్ధాంతాన్ని ‘నేర్చుకునే రకాల’తో కలపొద్దని 2013లో గార్డ్‌నరే స్వయంగా రాశాడు. మెసేజ్ చేస్తున్నది సరిగ్గా అదే.

“ఎడమ మెదడు, కుడి మెదడు.”

మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు సగాల్నీ కలిపే నరాల వంతెనని కత్తిరించిన రోగుల్ని రోజర్ స్పెర్రీ పరిశీలించాడు. ఆ పరిశోధనలకి 1981లో ఆయనకి నోబెల్ వచ్చింది. రెండు సగాలకీ పనుల్లో కొంత తేడా ఉందన్నది నిజం, భాష చాలామందిలో ఎక్కువగా ఎడమవైపే. అంతమాత్రాన మనుషులు రెండు రకాలైపోరు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 7 నుంచి 29 ఏళ్ల వయసున్న 1,011 మంది మెదడు స్కాన్లు చూస్తే, మొత్తంగా ఒక సగమే బలంగా పనిచేసే మనుషులంటూ కనిపించలేదు.

“ఐక్యూ పుట్టుకతో వచ్చేది, మారదు.”

ఐక్యూ అంటే తెలివితేటల్ని కొలిచే పరీక్షలో వచ్చే పాయింట్లు. ఆ పరీక్ష పుట్టిందే దీనికి విరుద్ధమైన ఉద్దేశంతో. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ తయారుచేసింది, అదనపు సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడానికి. తెలివితేటలు పెంచలేం అనేవాళ్ల మీద బినే 1909లో ఘాటుగానే రాశాడు. జన్యువుల పాత్ర ఉంది, కాదనను. ఎత్తు విషయంలోనూ ఉంది, అయినా తిండి మెరుగుపడితే ఒక తరం మొత్తం పొడుగవుతుంది. ఐక్యూ కూడా అలాగే కదిలింది: 1932 నుంచి 1978 మధ్య అమెరికాలో సగటు దాదాపు 14 పాయింట్లు పెరిగిందని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు. అంత తక్కువ కాలంలో జన్యువులు మారవు. 2018లో 6 లక్షల మందికి పైగా వివరాలతో చేసిన విశ్లేషణలో, బడిలో ఒక్కో అదనపు ఏడాదికీ 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతున్నట్టు తేలింది.

“వేలిముద్రలు చూసి చెప్పేయొచ్చు.”

చెప్పలేం. ఆ గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, తర్వాత మారవు. పిల్లలు ఏం చదివినా, ఏం నేర్చుకున్నా వాటి మీద ఏ ఆనవాలూ పడదు.

మరి ఏది పనిచేస్తుంది? ఒక్కటి చెబుతాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత తలకిందులైంది: మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది. పుస్తకం మూసి “ఇందాక ఏం చదివావో చెప్పు” అనడానికి రకం తెలియక్కర్లేదు.

ఇక పేరు పెడితే పోయేదేముంది అనేవాళ్లకి. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో తల్లిదండ్రులు, టీచర్లు, పిల్లలు కూడా ‘చేసి నేర్చుకునే’ పిల్లల కంటే ‘చూసి నేర్చుకునే’ పిల్లలే తెలివైనవాళ్లని అనుకున్నారు. ఆ పేరు పిల్లల చెవినా పడుతుంది. ఇంకా భయపెట్టేది ఒకటుంది. పుస్తకం తెరిస్తే తప్పించుకుపోయే బాబుని “వీడు చేసి నేర్చుకునే రకం” అని వదిలేస్తే, ఆ తప్పించుకోవడం వెనక ఏముందో ఎవరూ చూడరు. చూపు మందగించి ఉండొచ్చు, వినికిడి సమస్య కావచ్చు, చదవడాన్ని కష్టం చేసే డిస్లెక్సియా అనే సమస్య కావచ్చు. డిస్లెక్సియా ఉన్న పిల్లలకి అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని ఒక పద్ధతి ప్రకారం, ఓపికగా మళ్లీ మళ్లీ నేర్పాలి. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఆ మెసేజ్ పక్కన పెట్టి, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. అవి బాగానే ఉంటే, చదవడంలో ఇబ్బందుల్ని అంచనా వేసే నిపుణుల్ని కలవండి.