ఒక మీటరు ప్యాచ్ కార్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్యాచ్ కార్డు గారి సముఖమునకు,

విజయనగరం కోట చుట్టుపక్కల కోచింగు సెంటర్లలో, బట్టల షాపుల్లో, క్లినిక్కుల్లో కంప్యూటర్లను నెట్‌వర్కుకు కలిపే పొట్టి తీగగా బల్లల కింద తమరు చేస్తున్న సేవ ఇంతా అంతా కాదు. తమరి ఒక చివర స్విచ్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టెలో), రెండోది నేల మీద. మేనేజరు గారి కంట పడుతుంది. "ఈ వైరేటి, ఊరికే ఏలాడతంది?" అని జాలిపడి, అదే స్విచ్‌లో ఖాళీ పోర్టు (తీగ గుచ్చే రంధ్రం) చూసి గుచ్చేస్తారు. మనసు మంచిదే, పాపం.

అక్కడి నుంచి రాజ్యం తమరిదే. ఏదో కంప్యూటరు ప్రింటరు కోసం ఒక్క ఏఆర్‌పీ కేక (ఆ ఐపీ అడ్రసు ఎవరిదని అడిగే సందేశం) వేస్తుంది. అది బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ పంపేది కనుక స్విచ్ దాన్ని, వచ్చిన పోర్టు తప్ప అన్నిట్లోకీ తోస్తుంది. తమరి ఒక చివరలో దూరింది రెండో చివర నుంచి తిరిగొస్తుంది, మళ్లీ అన్నిట్లోకీ పోతుంది. పైడితల్లమ్మ సిరిమానైనా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి ఆగుతుంది. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అనే ఆయుష్షు లెక్క ఉంది, సున్నాకొస్తే చస్తుంది. స్విచ్‌లు మోసే ఈథర్నెట్ ఫ్రేముకు (డేటా మూటకు) చావన్నదే రాసిలేదు. గిగాబిట్ పోర్టులో 64 బైట్ల ఫ్రేములు సెకనుకు దాదాపు 14.88 లక్షలు పడతాయి. తమరు ఖాళీ మిగల్చరు.

నెట్టు ఒగ్గేసినాదని ఇంటర్నెట్ వాళ్లకు ఫోను వెళుతుంది. రౌటర్ ఆపి, మళ్లీ వేస్తారు. ఫ్రేములు తిరిగేది స్విచ్‌లలో కాబట్టి రౌటర్‌కు కాస్త విశ్రాంతి, అంతే. తమరి ఆనవాళ్లు వేరే. అందరూ భోజనానికి లేచినా పోర్టుల లైట్లన్నీ ఆగకుండా కొట్టుకుంటాయి. స్విచ్ రాసుకునే లాగులో ఒకే మ్యాక్ అడ్రసు (యంత్రం గుర్తింపు సంఖ్య) ఒకసారి 3వ పోర్టులో, మరుక్షణం 7వ పోర్టులో తేలుతుంది. ఆ వేళకి స్విచ్ పింగ్‌కు (ఉన్నావా అనే పలకరింపుకు) కూడా పలక్కపోవచ్చు, నేరుగా స్విచ్‌తో మాట్లాడే కన్సోల్ కేబులు చేతిలో ఉండాలి. అదీ లేకపోతే మెయిన్ స్విచ్ నుంచి వెళ్లే అప్‌లింకులు (మిగతా స్విచ్‌లకు పోయే తీగలు) ఒక్కొక్కటీ పీకుతూ పోవడమే. ఏది పీకితే మిగతా లైట్లు నెమ్మదిస్తాయో, తమరు ఆ దారినే ఉంటారు.

ఇలా చుట్టు తిరిగే దారిని పసిగట్టి మూసి, తమరి ఆట కట్టించే స్పానింగ్ ట్రీని రేడియా పెర్ల్‌మన్ 1985లోనే కనిపెట్టారు. 1990కి 802.1డి ప్రమాణంలోకీ ఎక్కింది. అయినా తమరికి మావాళ్ల అండ గట్టిది. పాత స్పానింగ్ ట్రీలో పోర్టు తెరుచుకోవడానికి 15, 15 కలిపి 30 సెకన్లు. ఈలోగా డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే సేవ) ఇచ్చే అడ్రసు అందక కంప్యూటరు చేతులెత్తేస్తుంది. దాంతో స్పానింగ్ ట్రీనే ఆపేస్తారు! ర్యాపిడ్ (వేగంగా పనిచేసే) రకం పెట్టి, కంప్యూటర్ల పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (ఎదురుచూపు లేకుండా తెరుచుకునేవిగా) చేసి, వాటిమీద బీపీడీయూ (స్పానింగ్ ట్రీ కబురు) వస్తే పట్టే బీపీడీయూ గార్డ్ వేస్తే సరిపోయేది. అప్పుడు స్విచ్ పంపిన బీపీడీయూ తమరి గుండా తిరిగి రాగానే పోర్టు మూతపడుతుంది. గార్డ్ అనుకుని, ఆ కబుర్లనే ఆపేసే బీపీడీయూ ఫిల్టర్ నొక్కారో, తమరికి రాజమార్గం వేసినట్టే.

రూటు, అంటే స్పానింగ్ ట్రీలో పెద్దగా నిలిచే స్విచ్, సంగతీ ఉంది. ప్రయారిటీ అంకె తక్కువున్నదే పెద్ద. మెయిన్ స్విచ్ ప్రయారిటీ 4096కి దించకపోతే అన్నీ 32768 దగ్గరే ఉంటాయి. అప్పుడు తక్కువ మ్యాక్ ఉన్నదే పెద్ద. చాలాసార్లు అది మూల గదిలో దుమ్ము కొట్టుకున్న పాత పెట్టె.

తమరి ప్రాణస్నేహితుడు, అదే ఆ ఎనిమిది పోర్టుల చవక స్విచ్, స్పానింగ్ ట్రీ భాషే ఎరగడు. బీపీడీయూని దాటనిచ్చే రకమైతే పై స్విచ్‌లోని గార్డ్ పట్టేస్తుంది. మింగేసే రకమైతే పై స్విచ్‌లో లూప్‌బ్యాక్ డిటెక్షన్ (పంపిన పరీక్ష ఫ్రేము తిరిగొస్తే పట్టేది) ఆన్ చేయాలి. తోడుగా బ్రాడ్‌కాస్ట్‌కు హద్దు పెట్టే స్టార్మ్ కంట్రోల్, పోర్టు వేగంలో 1 శాతం దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. ఆ ఎనిమిది పోర్టుల వాళ్లు మునిగినా మిగతా ఆఫీసు ఒడ్డున ఉంటుంది.

ఇట్లు,
లాగులు చదివేవాళ్లు

నకలు: బల్ల మీది ఐపీ ఫోను గారికి. తమరి వెనకున్న రెండు పోర్టుల్లో గోడకు ఒకటే, రెండోది కంప్యూటరుకి. రెండూ గోడకు గుచ్చితే ఇదే కథ.