అభిమానులకు మైకు ఇవ్వరాదు

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల సమస్యలంటే అందరికీ బడులూ, బోర్డులూ, బస్సులే గుర్తొస్తాయి. ఎవరూ పట్టించుకోని సమస్య ఇంకొకటుంది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలకి తెలుగు రచయిత ఎవరొచ్చినా, ఆయన్ని ఇంటర్వ్యూ చేసే పని ఆయన వీరాభిమానికే అప్పజెబుతున్నారు. దీనివల్ల ఎంతమంది పెద్దలు నోరు విప్పకుండానే తిరుగు రైలెక్కారో లెక్క తీసిన నాథుడు లేడు.

అభిమానం జబ్బని నేననను. లక్షణాలు మాత్రం జబ్బువే. వారం ముందునుంచే నిద్ర పట్టదు. పుస్తకాలన్నీ మళ్లీ తిరగేస్తాడు. ప్రశ్నలు రాస్తాడు, 'ఇది అడిగితే నన్ను మొద్దనుకుంటారేమో' అని కొట్టేస్తాడు. ఫోన్లో రికార్డవుతుందో లేదో చూడ్డానికి భార్యని ఎదురుగా కూర్చోబెట్టి ట్రయల్ వేస్తాడు. (ఆవిడ చెప్పిన జవాబులే బాగుంటాయి, అది వేరే సంగతి.) తీరా ఆ రోజు టెన్షన్‌కి ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, నోట్లో తడారిపోతుంది. నీళ్ల సీసా మాత్రం అతిథి ముందే పెడతారు. ఎక్కువసేపు మాట్లాడబోయేది ఎవరో నిర్వాహకులకి ఇంకా తెలిసిరాలేదు.

బరంపురంలో మొదటి ప్రశ్న సాధారణంగా ఇలా నడుస్తుంది: "1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుంచి విడదీసి మమ్మల్ని ఒరిస్సాలో కలిపేశారు, అయినా తెలుగు వదల్లేదు, రాష్ట్రపతి వి.వి.గిరిగారు 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు, మా పట్టుచీరలు దేశమంతా తెలుసు, మీ మొదటి కథ నేను తొమ్మిదో తరగతిలో చదివి రాత్రంతా ఏడ్చాను, మరి ఇలాంటి గడ్డమీద కూర్చుంటే మీకేమనిపిస్తోంది?"

"బాగుందండీ" అంటారు రచయిత. ఇంకేమంటారు?

విశాఖలో ఉండేవాళ్లకి ఈ అవస్థ అర్థం కాదు. వాళ్లకి రచయితలు సభల్లో కనిపిస్తూనే ఉంటారు, టీకొట్టు దగ్గర కూడా దొరుకుతారు. మనకి ఇచ్ఛాపురం దాటి ఒకరు ఇటు రావడమే గొప్ప. పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. ఇంట్లో ఆ పుస్తకం చదివింది తనొక్కడే. నచ్చిన వాక్యం పక్కవాడికి చదివి వినిపించే వీల్లేక ఏళ్లకేళ్లు లోపల దాచుకున్నదంతా, రాసిన మనిషి కనబడగానే ఆయనమీదే కుమ్మరిస్తాడు. పాపం ఆయన తప్పేం లేదు, రాశాడంతే.

పర్లాకిమిడిలో ఇంకో విడ్డూరం. ఇంట్లో "ఏటి", "ఎల్తన్నావా" అనే మనిషి అభిమాన రచయిత ముందు కూర్చోగానే "తమ సాహితీ ప్రస్థానమునకు ప్రేరణ యెయ్యది?" అంటాడు. రచయితది శ్రీకాకుళం పక్క. "ఏటి బాబూ, టీ తాగేవా?" అని ఆయన ఆప్యాయంగా అడిగితే "కృతజ్ఞుడను" అని జవాబు. గిడుగు రామమూర్తిగారు ఏళ్లతరబడి పాఠాలు చెప్పిన ఊరిది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోరాడి, అందుకోసమే 1919లో 'తెలుగు' అనే పత్రిక కూడా నడిపారు. సవరల భాష నేర్చుకోడానికి కొండల వెంట తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆ భాష గురించి ఆయన రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. చెవులు పోయేదాకా విన్న మనిషి తిరిగిన వీధుల్లో, రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్న మనవాళ్లు మాత్రం జవాబు వినిపించే వేళకి తర్వాతి ప్రశ్న ఏ జేబులో పెట్టామా అని వెతుక్కుంటూ ఉంటారు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. రెసిడెన్స్ సర్టిఫికెట్ లేనిదే ఇక్కడ చాలా పనులు కావు కదా. అలాగే ఇంటర్వ్యూ చేసేవాడు "ఈయన రాసినవి నేనొక్కటీ చదవలేదు, చదివే ఉద్దేశమూ లేదు" అని తహసీల్ ఆఫీసు నుంచి కాగితం తేవాలి. అభిమానులు దండ వెయ్యొచ్చు, శాలువా కప్పొచ్చు, పర్లాకిమిడి పనివాళ్లు కొమ్ముతో చేసిన కొంగబొమ్మ చేతికివ్వొచ్చు, గోపాల్‌పూర్ బీచికి తీసుకెళ్లి ఫొటోలు దిగొచ్చు. మైకు ముట్టుకోరాదు.

చదవనివాడు ఏం అడుగుతాడని మేధావులు ఆక్షేపించవచ్చు. ఆ మధ్య ఒక సభలో అభిమానిగారికి మొదటి ప్రశ్న సగంలో ఉండగానే గొంతు పూడుకుపోయింది, కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆయన తేరుకునేలోపు మైక్ సెట్ కుర్రాడు వైరు సరిచేస్తూ అతిథిని అడిగేశాడు. "ఇవన్నీ రాస్తే డబ్బులేమైనా వస్తాయా మాస్టారూ?"

రచయిత పకపకా నవ్వారు. "రావు నాయనా" అని మొదలుపెట్టి, మొదటి పుస్తకం అచ్చుకోసం భార్య గాజులు తాకట్టుపెట్టిన సంగతి, అమ్ముడుపోని కాపీలమీద పరుపేసుకుని పడుకున్న సంగతి, ఆవిడ పోయాక కలం పట్టబుద్ధి కాని రోజుల సంగతి, వరసగా చెప్పుకుంటూ పోయారు. హాల్లో చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. అభిమానిగారు కళ్లు తుడుచుకుని తన ప్రశ్నల కాగితం విప్పి చూసుకున్నారు. వీటిలో ఒక్కదాని గురించీ అందులో లేదు.

ఇకమీదట ఇంటర్వ్యూలన్నీ ఆ కుర్రాడే చెయ్యాలని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీరా కబురు పంపితే, ఆ రాత్రే ఆయన పుస్తకాలు కొనుక్కెళ్లాడని తెలిసింది. అన్నీ చదివేసి, మిగతావి ఎక్కడ దొరుకుతాయని ఇప్పుడు ఊరంతా అడుగుతున్నాడు. మళ్లీ ఆయనొస్తే ఎదురుగా ఎలా కూర్చోవడమా అని అప్పుడే కంగారు కూడా పడుతున్నాడట. ఆ విధంగా అతని అర్హత రద్దయింది.

ప్రస్తుతం మా కార్యదర్శిగారి పెద్దబ్బాయి పేరు పరిశీలనలో ఉంది. కుర్రాడికి తెలుగు చదవడం రాదు గనక ఇప్పట్లో ప్రమాదం ఉండకపోవచ్చని కమిటీ అభిప్రాయం.