పదమూడో ఎక్కం వేగం

పోయిన నెల షికాగోలోని మన సంఘం పరుగు బృందంలో ఒక తమ్ముడు తన మంగళవారం పరుగు వివరాలు పెట్టాడు. 10 కిలోమీటర్లు, కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్లు. కింద వరసగా చప్పట్లు, నిప్పు బొమ్మలు. బుధవారం అదే దూరం, కిలోమీటరుకు ఇంకో నాలుగు సెకన్లు తగ్గించాడు. నిప్పు ఇంకా పెరిగింది. శుక్రవారానికి మడమ నొప్పి, మంచి ఫిజియోథెరపిస్టు ఎవరైనా తెలుసా అని అడిగాడు. దానికీ అలవాటు కొద్దీ ఇద్దరు చప్పట్లు కొట్టారు.

ఆ సందేశాలన్నీ నేను తిరుపతిలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని, బూట్లు విప్పుకుంటూ చదివాను. అమ్మ మే నెలలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. జూన్ మొదటి వారంలో వచ్చాను, ఆగస్టు రెండో వారం దాకా ఇక్కడే. అక్టోబరులో షికాగో మారథాన్‌కు డబ్బు కట్టేశాను కాబట్టి సాధన మానే ఉద్దేశం లేదు. 18 వారాల పట్టికలో సగానికి పైగా ఇక్కడి రోడ్ల మీదే గడుస్తుంది.

ఇక్కడ పరుగెత్తాక నాకు గట్టిపడిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. నెమ్మదిగా పరుగెత్తడానికి మనకు సిగ్గు. పోటీ రోజున మనల్ని ముంచేది ఎండా కాదు, వయసూ కాదు, ఈ సిగ్గే.

నా లెక్కే చూడండి. పోయిన ఏడాది నా లక్ష్యం నాలుగున్నర గంటలు. మారథాన్ 42.195 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. మరి నేను వారంలో నాలుగు రోజులు ‘తేలిక పరుగు’ అని రాసి ఉన్న గడిలో ఎంత వేగంతో పరుగెత్తానో తెలుసా? 6 నిమిషాల 15 సెకన్లు. అంటే విశ్రాంతిగా చేయవలసిన పరుగు పోటీ వేగం కన్నా ఎక్కువ. షికాగో శివారు నేపర్‌విల్‌లో నది బాట మీద మనవాళ్లు ఎదురైతే ఇంకో పది సెకన్లు పెంచేదాన్ని కూడా. చివరికి పోటీ రోజున 32వ కిలోమీటరు దగ్గర కాళ్లు కట్టెలైపోయాయి. 4 గంటల 58 నిమిషాలకు గీత దాటాను, సగటున కిలోమీటరుకు 7 నిమిషాల పైమాటే. రోజూ తేలిక పరుగు పేరుతో చేసిన వేగాన్ని అసలు రోజున అందుకోలేకపోయాను. ఇంట్లో గొప్పగా పాడి సభలో గొంతు పోగొట్టుకున్నట్టు.

ఆ పాఠం షికాగోలో ఎక్కలేదు. తిరుపతి ఉక్క నేర్పింది.

ఇక్కడ జూన్‌లో తెల్లవారుజామున అయిదింటికే ఒళ్లు జిగటగా ఉంటుంది. కొండ అడ్డు కావడం వల్లో ఏమో, మా వీధిలో ఆకు కదలదు. మొదటి మూడు రోజులు పట్టికకు కట్టుబడి పాత వేగంతోనే కపిలతీర్థం రోడ్డు మీద పరుగెత్తాను. నాలుగో రోజు కళ్లు తిరిగి, ఒక పూలబండి పక్కన గట్టు మీద కూలబడ్డాను. పూలమ్మే ఆమె నీళ్లిచ్చి, కాసేపు ఆగి, ‘ఏ బస్సు తప్పిపోయిందమ్మా?’ అని అడిగింది.

కారణం తెలియనిది కాదు. వేడిలో పరుగెత్తేటప్పుడు గుండెకు రెండు పనులు పడతాయి. కండరాలకు రక్తం పంపాలి, ఒంటి వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. చెమటలో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గేకొద్దీ గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అదే వేగం, అదే దూరం, కానీ శరీరం పడే శ్రమ వేరు. పది పద్నాలుగు రోజులు ఓపిక పడితే ఒళ్లు సర్దుకుంటుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టడం మొదలై అందులో ఉప్పు తగ్గుతుంది. నేను ఆ పద్నాలుగు రోజుల ఓపిక పట్టలేదు. చేతికున్న గడియారం చూసుకుని పరుగెత్తాను. ఆ గడియారానికి తిరుపతి ఉక్క తెలియదు.

అయిదో రోజు దాన్ని ఇంట్లో పెట్టి, వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణకు వెళ్లాను. 1954లో పెట్టిన విశ్వవిద్యాలయం, చెట్లు బాగా ఎదిగాయి, కొండ వెనకే ఉంది. ఆ ఆవరణలో చిరుత కనిపించిందని పత్రికల్లో ఒకసారి కాదు, చాలాసార్లే వచ్చింది. కాబట్టి చీకట్లో ఒంటరిగా వెళ్లను, నడకకు వచ్చే జనం కాస్త పోగయ్యాకే మొదలుపెడతాను. (షికాగోలో మంచు మీద జారకుండా చూసుకోవాలి, ఇక్కడ చిరుతకు ఎదురుపడకుండా చూసుకోవాలి. మంచే నయం అనను.)

గడియారం లేదు కాబట్టి వేగానికి వేరే కొలత కావాలి. మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది తేలిక పరుగు అని శిక్షకులు ఎప్పటినుంచో చెబుతారు. పక్కన మాట్లాడేవాళ్లు లేరు. చిన్నప్పుడు బడిలో బల్లెక్కించి చెప్పించిన ఎక్కాలు గుర్తొచ్చాయి. రెండో ఎక్కం, అయిదో ఎక్కం ఆయాసంలోనూ నోటికి వచ్చేస్తాయి, వాటితో ప్రయోజనం లేదు. పదమూడో ఎక్కానికి బుర్ర కావాలి, ఊపిరీ కావాలి. పదమూడు ఎనిమిదులు నూటనాలుగు దగ్గర ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. తెగకుండా పదమూడు పదుల దాకా చెప్పగలిగిన వేగమే ఆ రోజు నా వేగం.

ఆ వేగం ఎంతో తరువాత కొలిచి చూసుకున్నాను. కిలోమీటరుకు దాదాపు 8 నిమిషాలు. వేగంగా నడిచే పెద్దాయన ఒకరు పావు గంట సేపు నాకు కొద్ది అడుగుల వెనకే వచ్చారు. చివరికి పక్కకు వచ్చి, వెటకారం ఏమీ లేకుండానే, ‘మీరు పరుగెత్తుతున్నారా, నడుస్తున్నారా?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు ముఖం ఎర్రబడకుండా జవాబు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఇది తిరుపతి కనిపెట్టిన విద్యేమీ కాదు. న్యూజిలాండ్‌లో చెప్పుల కర్మాగారంలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, ముందు నెలల తరబడి నిలకడగా దూరం పరుగెత్తాలి, వేగం తరువాత అన్నాడు. అతని శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్ల వీరుడు, రెండు నిమిషాల లోపు అయిపోయే పోటీ. అతని చేత కూడా వారానికొకసారి 35 కిలోమీటర్ల కొండదారి పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, మరో శిష్యుడు మర్రీ హాల్బెర్గ్ 5,000 మీటర్లలో ఒకే రోజు స్వర్ణాలు గెలిచారు. వాళ్ల నిలకడ వేగం మనకు ప్రాణాంతకమే, అది వేరే సంగతి. తమ పోటీ వేగంతో పోలిస్తే వాళ్లు తగ్గి పరుగెత్తారు. మనం తగ్గం.

నెమ్మదిగా పరుగెత్తినప్పుడు జరిగేది బయటికి కనిపించదు, అందుకే నమ్మబుద్ధి కాదు. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియా పెరుగుతాయి, కొవ్వును వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. ఈ చివరిదే మనకు ప్రాణం. కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలు. కిలోమీటరుకు కిలో బరువుకు ఒక కేలరీ చొప్పున ఖర్చనుకుంటే, 60 కిలోల నాకు మారథాన్‌కు 2,500 పైచిలుకు కావాలి. ఆ లోటు కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. 32వ కిలోమీటరు దగ్గర నా కాళ్లు కట్టెలు కావడానికి దేవుడి కోపం అక్కరలేదు, ఈ తీసివేత చాలు.

ఇప్పుడు నా వారం ఇలా నడుస్తోంది. సోమవారం పరుగు లేదు, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం, మార్కెట్టు. మంగళ, గురువారాలు ఎక్కం వేగంతో ఎనిమిదేసి కిలోమీటర్లు. బుధవారం ఒక్కరోజే ఊపిరి ఎగబీల్చే పరుగు, మధ్యలో 20 నిమిషాలు గట్టిగా. ఆ రోజు ఎక్కం మాట దేవుడెరుగు, నా పేరు కూడా చెప్పలేను. శుక్రవారం ఇంట్లోనే గోడకుర్చీ, గుంజిళ్లు. (గుంజిళ్లు తీస్తుంటే అమ్మ, ‘ఏం తప్పు చేశావే?’ అంటుంది.) శనివారం మళ్లీ తేలిక. ఆదివారం పెద్ద పరుగు.

మన బృందం పెద్ద పరుగు శనివారం పెట్టుకుంటుంది కదా, ఇక్కడ అది కుదరలేదు. శనివారం కొండకు వచ్చే జనంతో అలిపిరి వైపు రోడ్డు నిండిపోతుంది. పైగా అమ్మకు శనివారం ఒక్కపొద్దు. ఆమె ఒంటిపూట భోజనంతో ఉంటే, నేను పాతిక కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి గిన్నెలు ఖాళీ చేయడం చూడ్డానికి బాగుండదు. ఆదివారం తెల్లారీ తెల్లారకముందే శ్రీనివాస మంగాపురం దారి పడతాను. వెళ్లి రావడానికి 24 కిలోమీటర్లు. గుడి ముందు ఆగి, నీళ్లు పట్టుకుని, మళ్లీ వెనక్కి. తిరుగు దారిలో ఎండ ముఖాన కొడుతుంది. ఈ పరుగుకు మూడు గంటల పైన పడుతుంది. నేపర్‌విల్‌లో ఇదే దూరం రెండున్నర గంటల్లో పూర్తిచేసేదాన్ని. ఆ తరువాత రెండు రోజులు మెట్లు దిగలేకపోయేదాన్ని. ఇప్పుడు ఇంటికొచ్చి స్నానం చేసి అమ్మకు జడ వేస్తున్నాను.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పరుగు మధ్యలో శక్తికి తినే తీపి జెల్ పొట్లాలకు బదులు బెల్లం ముక్కలు పట్టుకెళ్లాను, మన చిత్తూరు బెల్లం కదా అన్న అభిమానంతో. చెమటకు కరిగి జేబంతా పాకమైంది. ఖర్జూరం నయం. ఇంటికొచ్చాక రాగి జావలో మజ్జిగ, ఉప్పు. నీళ్లు మాత్రం దాహానికి తగినన్ని, అంతే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. దానికి ముఖ్య కారణం పరుగులో నీళ్లు అతిగా తాగడమే.

ఇక మెట్లు. సెలవుల్లో వచ్చిన మనవాళ్లు అలిపిరి మెట్లను వ్యాయామశాలగా వాడుకోవడం నాకు నచ్చదు. నేనూ చేసినదాన్నే కాబట్టి చెప్పే హక్కు కొంత ఉందనుకుంటాను. రెండేళ్ల క్రితం 3,550 మెట్లు గడియారం పెట్టుకుని ఎక్కాను. అంతటితో ఆగానా, కాలినడకనే, కొంత పరుగుతో కూడా, దిగాను. ఎక్కడం గుండెకు పని, దిగడం తొడలకు శిక్ష. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి, ఆ పనికి అలవాటు లేకపోతే కండరపు పోగులు దెబ్బతింటాయి. నొప్పి మర్నాడు మొదలై రెండో రోజు ముదురుతుంది. నాలుగు రోజులు కుర్చీలో కూర్చోవాలంటే చేతులు ఆనించాల్సి వచ్చింది, వారం సాధన పోయింది. ఒక్క పూట గొప్ప కోసం నాలుగు పరుగులు వదులుకోవడం ఏ పట్టికలోనూ లేదు.

దానికన్నా నన్ను ఇప్పటికీ బాధించేది ఇంకొకటి ఉంది. గాలిగోపురం దాకా వెళ్లేలోపు, ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతున్న ఒకామెను ‘కొంచెం పక్కకు’ అని దాటి వెళ్లాను. నా సెకన్ల కోసం. ఆమె ఏమీ అనలేదు, నిజంగానే పక్కకు జరిగింది. ఈసారి గడియారం లేకుండా ఎక్కాను. మోకాళ్ల మిట్ట దగ్గర అందరితో పాటు నేనూ మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాను. దిగడానికి బస్సు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఉద్యోగం, పిల్లలు, వారానికి మూడు రోజులే వీలు, అందులోనూ నెమ్మదిగా పరుగెత్తితే పనేం జరుగుతుంది? ఇందులో న్యాయం ఉంది. మూడు రోజుల వాళ్లకు ఒకటి గట్టి పరుగు కావచ్చు. మిగతా రెండూ కూడా గట్టివైతేనే నా గొడవ. వారానికి అయిదారు రోజులు పరుగెత్తేవాళ్లకు ఈ సాకు కూడా లేదు. ఇంకొకరు అంటారు, అక్టోబరులో షికాగోలో చల్లగా ఉంటుంది, తిరుపతి వేగంతో మాకేం పని అని. 2007 అక్టోబరు 7న అదే షికాగో మారథాన్‌ను ఎండ 30 డిగ్రీలు దాటడంతో మధ్యలో ఆపేశారు. పట్టికలో వేగం అంకె ముందే అచ్చయి ఉంటుంది, ఆ రోజు వాతావరణం అచ్చయి ఉండదు.

నిన్న పొద్దున చల్లగాలి వీచింది, రాత్రి వాన పడినట్టుంది. గడియారం పెట్టుకుని వెళ్లి చూశాను. ఎక్కం తెగకుండానే కిలోమీటరు 7 నిమిషాల 10 సెకన్లకు వచ్చింది. బృందంలో పెట్టాలని వేలు లాగింది. పెట్టలేదు, ఇక్కడ రాస్తున్నాను, అదీ ఒక బలహీనతే.

బృందానికి నా కోరిక ఒక్కటే. మంగళ, గురువారాల పరుగులకు అంకెలు పెట్టడం మానేద్దాం. ఎవరితో పరుగెత్తారో, ఏం మాట్లాడుకున్నారో పెట్టండి. ఆగస్టు మూడో శనివారం పొద్దున ఆరింటికి నది బాట దగ్గర ఉంటాను. 12 కిలోమీటర్లు, బాగా నెమ్మదిగా. మడమ నొప్పి తమ్ముడికి ప్రత్యేకంగా చెబుతున్నాను, గడియారం కారులో పెట్టి రావాలి. పదమూడో ఎక్కం మరిచిపోయినవాళ్లు ఈలోగా ఒకసారి చూసుకోండి. మా అమ్మ పెట్టిన ఊరగాయ తెస్తున్నాను, పరుగు ముగిశాక పెరుగన్నంలోకి.