కొలవకుండా బ్యాటరీ మార్చడం మరమ్మతు కాదు

కారు ఉదయం స్టార్ట్ కాలేదంటే చుట్టూ ఉన్నవారందరి నోటా వచ్చే మాట ఒక్కటే: బ్యాటరీ పోయింది, మార్చేయండి. వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటరు చేతబట్టుకుని ఆ మాట అన్నవారిని నేను చాలా అరుదుగా చూశాను. బ్యాటరీ కరెంటును దాచిపెట్టుకునే పెట్టె. దానిని నింపవలసింది ఆల్టర్నేటరు, ఒక్కసారిగా తోడుకునేది సెల్ఫ్ మోటారు, రాత్రంతా కొద్దికొద్దిగా తాగేవి కంట్రోల్ యూనిట్లనే లోపలి చిన్న కంప్యూటర్లు, ఈ అన్నింటినీ కలిపి ఉంచేవి కేబుళ్లు, బాడీ లోహం గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే ఎర్త్ కనెక్షన్లు. వీటిలో దేనికి జబ్బు చేసినా బయటికి కనిపించే లక్షణం ఒకటే కాబట్టి నింద మాత్రం ఎప్పుడూ బ్యాటరీ మీదే పడుతుంది. కొలత లేకుండా బ్యాటరీ మార్చమని చెప్పడం ఊహ మాత్రమేనని, ఆ ఊహ తప్పితే నష్టపోయేది బండి యజమాని ఒక్కడేనని ఈ పోస్టులో గట్టిగా చెప్పదలచుకున్నాను.

నా కారుకు ఇదే జరిగింది. ఉదయం సెల్ఫ్ వేస్తే ఇంజిన్ నీరసంగా తిరిగి, ఎలాగో అంటుకునేది. వర్క్‌షాపుకు తీసుకువెళితే బానెట్ ఎత్తి, ఒకసారి సెల్ఫ్ వేసి విని, బ్యాటరీ మార్చారు. ఆరు వారాలు ఏ ఇబ్బందీ లేదు. తరువాత అదే నీరసం తిరిగి వచ్చింది. ఈసారి ఆల్టర్నేటరు సరిగా చార్జ్ చేయడం లేదన్నారు, దానినీ మార్చారు. నెల గడిచాక మళ్లీ అదే కథ. ఈసారి వారు మరొక కొత్త బ్యాటరీ వేయమన్నారు. ఇప్పుడున్న బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపిస్తోందని అడిగాను. ఆ ప్రశ్నకు అక్కడ ఎవరి దగ్గరా సమాధానం లేదు. మూడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ కొలవలేదని నాకు ఆ రోజే తెలిసింది, అదే రోజు నేను మల్టీమీటరు కొనుక్కున్నాను.

మొదటి కొలత చాలా తేలిక. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి, ఒక్కొక్కటి దాదాపు 2.1 వోల్టులు ఇస్తుంది, అందుచేత నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు కాస్త అటూ ఇటూగా చూపించాలి. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మాత్రమే మిగిలిందని అర్థం. పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తోంది కదా, బాగానే ఉందని తృప్తిపడేవారు ఎందరో ఉన్నారు. నిజానికి అది దాదాపు ఖాళీ అయిన బ్యాటరీ. బండి నడిపి ఆపిన వెంటనే కొలిస్తే బ్యాటరీ లోపలి సీసపు పలకల ఉపరితలం మీద నిలిచిన చార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి కొన్ని గంటలు ఆగి గానీ, హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వెలిగించి ఆర్పి గానీ కొలవాలి. పూర్తిగా చార్జ్ చేసిన తరువాత కూడా 10.5 దగ్గరే ఆగిపోయిందంటే ఒక సెల్లు చచ్చిపోయిందనుకోవచ్చు, అప్పుడు బ్యాటరీ మార్చడం న్యాయమే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. సగం చార్జితో వారాల తరబడి ఉన్న బ్యాటరీలో పలకల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తిరిగి కరగని స్ఫటికాలుగా మారుతుంది, దానితో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. అంటే చార్జింగులోనో కేబుళ్లలోనో ఉన్న లోపం మంచి బ్యాటరీని నిజంగానే చంపగలదు. కారణం వెతకకుండా కొత్తది బిగిస్తే, ఆ కొత్తది కూడా మొదటి రోజు నుంచే అదే దారి పడుతుంది.

విశ్రాంతి వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీకి బలం ఉందని చెప్పలేము. సెల్ఫ్ వేస్తున్నంతసేపు మీటరు చూడాలి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ సాధారణ ఉష్ణోగ్రతలో 9.6 వోల్టులకంటే దిగువకు జారకూడదు. చెవికి వినిపించేది కూడా కొంత చెబుతుంది. టకటకమని వేగంగా చప్పుడు వస్తే సాధారణంగా చార్జి చాలకపోవడమో టెర్మినల్ వదులుగా ఉండడమో కారణం, ఒక్కసారి ఠక్కుమని ఆగిపోతే సెల్ఫ్ మోటారు వైపు కూడా చూడాలి. అయితే ఇవి సూచనలే, వీటి ఆధారంగా వస్తువులు మార్చడం మొదలుపెట్టకూడదు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య కనిపించాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనుక అద్దం హీటరు అన్నీ వేసి, ఇంజిన్ వేగం కొద్దిగా పెంచినా ఆ అంకె పెద్దగా పడిపోకూడదు. నడుస్తున్నప్పుడు కూడా 12.5 దగ్గరే ఉండి క్రమంగా దిగిపోతుంటే చార్జింగు జరగడం లేదు, 15 దాటి అక్కడే నిలిచిపోతే ఆల్టర్నేటరు వోల్టేజీకి కళ్లెం వేసే రెగ్యులేటరు అదుపు తప్పి బ్యాటరీని ఉడికిస్తోంది. ఇంతవరకు పాత పద్ధతి బండ్లకు సరిపోతుంది. ఇటీవలి చాలా కార్లలో ఆల్టర్నేటరు ఎంత చార్జ్ చేయాలో ఇంజిన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంధనం ఆదా కోసం వోల్టేజీని 13 కంటే కిందికి కూడా దించుతుంది, బ్రేకు వేసి వేగం తగ్గేటప్పుడు పెంచుతుంది. ఈ సంగతి తెలియక, ఒక్క క్షణం మీటరులో 12.8 చూసి మంచి ఆల్టర్నేటరును తీసి పారేసినవారు ఉన్నారు. అందుకే ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు, లోడు, అంటే దీపాలు, బ్లోయరు వంటివి లాగే కరెంటు, మారుతున్నకొద్దీ అంకె ఎలా కదులుతోందో గమనించాలి.

ఆల్టర్నేటరు లోపల పుట్టేది మూడు ఫేజుల ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు. డయోడ్లు దానిని ఒకే దిశలో పారే డీసీగా మారుస్తాయి. ఒక డయోడు పాడైతే వోల్టేజీ పైకి బాగానే కనిపిస్తూ లోపల ఏసీ అలలు కలుస్తాయి. మీటరును ఏసీ వైపు తిప్పి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలిచినప్పుడు అర వోల్టు దాటితే డయోడ్లను అనుమానించాలి. డయోడు లీకైతే రాత్రిపూట కరెంటు వెనక్కి పారి బ్యాటరీని ఖాళీ చేస్తుంది కూడా. ఆల్టర్నేటరును తిప్పే బెల్టు వదులైందా, దానిని బిగువుగా ఉంచే టెన్షనరు అరిగిందా అన్నది కంటితోనే తెలుస్తుంది, దానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ దీపం గురించి ఒక్క మాట: తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరాలి. అసలు వెలగకపోవడం శుభసూచన కాదు, ఎందుకంటే పాత బండ్లలో ఆల్టర్నేటరును మేల్కొలిపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది.

నా కారులో ఈ కొలతలన్నీ దాదాపు సరిగానే వచ్చాయి, అందుకే అసలు దొంగ అంతకాలం దొరకలేదు. దొరికింది వోల్టేజ్ డ్రాప్ పరీక్షలో. ఈ పరీక్ష గురించి ప్రతి బండి యజమానికీ తెలియాలని నా కోరిక. మంచి తీగ రెండు కొసల మధ్య, ఎంత కరెంటు పారుతున్నా, మీటరు దాదాపు సున్నా చూపించాలి. అక్కడ కనిపించే ప్రతి పాయింటూ దారిలో వేడిగా మారి వృథా అవుతున్న వోల్టేజీయే. మీటరు ఒక ముల్లును బ్యాటరీ మైనస్ సీసపు స్తంభం మీద, క్లాంపు మీద కాకుండా స్తంభం మీదే ఆనించి, రెండవ ముల్లును ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహం తగిలేలా పెట్టి, మరొకరిని సెల్ఫ్ వేయమనాలి. ఎర్త్ వైపు 0.2 వోల్టులు దాటితే అనుమానించాలి, ప్లస్ వైపు సెల్ఫ్ మోటారు వరకు అర వోల్టు దాటకూడదు. నా కారులో ఎర్త్ వైపు 1.6 వోల్టులు వచ్చింది.

ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పట్టి, దాని పోగులు సగానికి పైగా తెగిపోయి ఉన్నాయి. సెల్ఫ్ దాదాపు 150 ఆంపియర్లు లాగుతుందనుకుంటే అక్కడి అవరోధం ఓం‌లో వందవ వంతు మాత్రమే, సాధారణ మల్టీమీటరు ఓం‌లలో అంత చిన్న విలువను పట్టలేదు, అందుకే తీగ తెగిందో లేదో చూసే కంటిన్యుటీ పరీక్షలో బీప్ వచ్చి అంతా బాగుందనిపిస్తుంది. పదుల పోగుల్లో ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది, కానీ ఆ ఒక్క పోగు సెల్ఫ్ మోటారు బరువు మోయలేదు. చార్జింగు కరెంటు కూడా అదే పట్టీ గుండా తిరిగి వెళ్లాలి కాబట్టి, దీపాలు, బ్లోయరు వేసినప్పుడు ఆల్టర్నేటరు వెనుక 14.3 ఉంటే బ్యాటరీ దగ్గరకు 13.7 మాత్రమే చేరేది, నా చిన్న చిన్న ప్రయాణాలలో బ్యాటరీ ఎన్నడూ నిండేది కాదు. కొత్త బ్యాటరీ నిండుగా, బలంగా వచ్చింది కనుక ఆరు వారాలపాటు ఆ లోపాన్ని కప్పిపెట్టింది, అంతే.

రాత్రికి రాత్రి చార్జి దిగిపోయే బండ్లది మరో కథ. అన్ని తలుపులూ వేసి, తాళం దూరంగా పెట్టి, కంట్రోల్ యూనిట్లు నిద్రపోయేదాకా అరగంట, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువసేపు ఆగి కొలిస్తే, బ్యాటరీ నుంచి పారే కరెంటు సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. డిక్కీలో ఆరకుండా మిగిలిన 5 వాట్ల బల్బు ఒక్కటి రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు మూడు రోజుల్లోనే సెల్ఫ్ లాగలేని స్థితికి చేరడానికి అది చాలు. దొంగ ఏ వైపు ఉన్నాడో తెలుసుకోవడానికి ఫ్యూజులు ఊడబెరకడం కంటే, వాటి తల మీది రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం మేలు, ఎందుకంటే ఫ్యూజు తీసి పెడితే నిద్రపోయిన యూనిట్లు మళ్లీ లేచి లెక్క చెడిపోతుంది.

ఒక అలవాటు గురించి కోపంగానే రాస్తున్నాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటరు బాగున్నట్టేనని తేల్చేవారు ఇంకా ఉన్నారు. బ్యాటరీ ఆ వ్యవస్థలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లను మింగే కుషను; దానిని హఠాత్తుగా తీసేస్తే పుట్టే వోల్టేజీ ఉప్పెన ఇంజిన్ కంప్యూటరునూ ఆల్టర్నేటరు డయోడ్లనూ కాల్చేయగలదు. మీ బండి మీద ఎవరైనా ఈ పని చేయబోతే, వారు వయసులో ఎంత పెద్దవారైనా, దయచేసి చేయి పట్టుకుని ఆపండి.

మెకానిక్కులను మాత్రమే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పరీక్షకు అరగంట పడుతుంది, ఆ అరగంటకు విడిగా డబ్బు ఇవ్వడానికి మనలో చాలామంది ఒప్పుకోము, వస్తువు మారిస్తేనే పని జరిగినట్టు భావిస్తాము. పరీక్షకు కూలి ఇద్దాం, బదులుగా నాలుగు అంకెలు బిల్లు మీద రాసి ఇమ్మని అడుగుదాం: విశ్రాంతి వోల్టేజీ, సెల్ఫ్ వేసినప్పటి వోల్టేజీ, లోడుతో చార్జింగు వోల్టేజీ, ఎర్త్ వైపు డ్రాప్. ఈ నాలుగూ నా మొదటి బిల్లు మీద ఉండి ఉంటే నా ఆల్టర్నేటరు దాని చోటనే ఉండేది.

ఎర్త్ పట్టీ మార్చి, బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకి బిగించాక సెల్ఫ్ వేసి కొలిస్తే 0.1 వోల్టు వచ్చింది, ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. మొదట తీసేసిన బ్యాటరీ మాత్రం ఆ రోజే పాత సీసం కింద వెళ్లిపోయింది, దానిలో లోపం ఉండేదో లేదో తేల్చుకునే అవకాశం నాకు లేదు.